‘ఈ వయసులో వాల్వ్ ఎందుకు’ అనే ముందు

డెబ్బై దాటిన మనిషికి ఆయాసం వస్తే ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ‘వయసు మీద పడింది కదా’ అనేస్తారు. పెద్దాయన కూడా అదే నమ్మి మేడ మెట్లు ఎక్కడం మానేస్తాడు. గుడికి నడిచి వెళ్లేవాడు ఆటో పిలుస్తాడు. తర్వాత డాక్టరు ‘ఆయాసం ఉందా?’ అనడిగితే ‘ఏమీ లేదండీ’ అంటాడు. ఆయాసం తెప్పించే పనులన్నీ అప్పటికే వదిలేశాడు మరి! అందుకే ‘పోయినేడు చేసి ఈ ఏడు మానేసిన పనేమిటి?’ అని అడగాలి.

ఆ ఆయాసం వయసు వల్ల కాక, గుండెలోని వాల్వ్ ఇరుకైపోవడం వల్ల కూడా రావచ్చు. గుండె నుంచి ఒంటికంతా రక్తం వెళ్లే దారిలోని అయోర్టిక్ వాల్వ్ మామూలుగా 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది. వాల్వ్ రెక్కల మీద కాల్షియం పేరుకుని అది 1 కన్నా తగ్గితే జబ్బు తీవ్రమైనట్టే. టూడీ ఎకో (గుండెకి తీసే అల్ట్రాసౌండ్) రిపోర్టులో వాల్వ్ గుండా వెళ్లే రక్తం వేగం సెకనుకు 4 మీటర్లు, వాల్వ్‌కి అటూ ఇటూ సగటు ప్రెషర్ తేడా 40 (mmHg) దాటినా అదే అర్థం. గుండె నీరసించిన వాళ్లలో మాత్రం ఈ రెండంకెలూ తక్కువగా కనిపించి మోసం చేస్తాయి. అప్పుడు సీటీ స్కాన్‌లో కాల్షియం ఎంతుందో చూస్తారు.

దీన్ని కరిగించే మాత్ర లేదు. కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్లతోనూ ప్రయత్నించారు, జబ్బు ఆగలేదు. ఒంట్లో నీరు తీసే మాత్రలు ఆయాసాన్ని కాస్త తగ్గిస్తాయి, ఇరుకు మాత్రం అలాగే ఉంటుంది. ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం మొదలయ్యాక వాల్వ్ మార్పించుకోవడాన్ని వాయిదా వేయడమంత ప్రమాదం ఇంకోటి లేదు. ఛాతీ తెరిచి వాల్వ్ మార్చే సర్జరీకి తట్టుకోలేరని తేల్చిన వృద్ధులపై 2010లో వచ్చిన పార్ట్‌నర్ పరిశోధనలో, మందులతో సరిపెట్టిన వాళ్లలో సగం మంది ఏడాదిలోపే చనిపోయారు. గజ్జ దగ్గరి రక్తనాళం గుండా కొత్త వాల్వ్ అమర్చిన వాళ్లలో ఆ సంఖ్య 31 శాతం. టావీ అనే ఈ పద్ధతిని 2002లో ఫ్రాన్స్‌లో అలేన్ క్రిబియే తొలిసారి మనిషికి చేశారు. ఛాతీ తెరవక్కర్లేదు. ఇప్పుడు మన దేశంలో తయారైన వాల్వ్ కూడా దొరుకుతోంది.

అలాగని అందరికీ టావీయే మేలని నేను అనను. అమెరికా 2020 మార్గదర్శకాలు 65 లోపు వాళ్లకి సర్జరీ, 80 దాటితే టావీ, మధ్యలో వాళ్లతో కూర్చుని మాట్లాడి నిర్ణయించమంటాయి. టావీ తర్వాత కొందరికి పేస్‌మేకర్ (గుండె లయని నిలబెట్టే చిన్న పరికరం) పెట్టాల్సి వస్తుంది. ఖర్చూ సర్జరీ కన్నా బాగా ఎక్కువ. బైపాస్ కూడా అవసరమైన వాళ్లకి రెండూ ఒకేసారి సర్జరీలో చేయించుకోవడం మంచిది కావచ్చు. కాబట్టి కార్డియాలజిస్టునీ, సర్జన్‌నీ ఇద్దరినీ కలవకుండా సంతకం పెట్టొద్దు.

వద్దనుకోవడమే సరైన ఇళ్లూ ఉన్నాయి. మతిమరుపు ముదిరి మంచం దిగలేని మనిషికి కొత్త వాల్వ్ వేసినా లేచి తిరగలేరు. అలాంటప్పుడు ఆయాసం, నొప్పి లేకుండా చూసుకోవడమే వైద్యం. కానీ ఆ మాట మనిషి ఓపికను చూసి చెప్పాలి. ఎనభై రెండేళ్లొచ్చినా తన బట్టలు తానే ఉతుక్కునే అమ్మకి ఆధార్ కార్డులో పుట్టిన తేదీ చూసి ‘వద్దులే’ అంటే అది అన్యాయం. ఆమెకేం కావాలో ముందు ఆమెనే అడగాలి, కొడుకుల్ని తర్వాత.