మన ప్రభుత్వమే కదా అన్న మౌనం

దేశం ఒక పాలన నుంచి ఇంకో పాలనకు మారేటప్పుడు కార్మిక సంఘాలు కొన్నాళ్లు సర్దుకుపోవాలట. కొత్తగా వచ్చినవాళ్లకు కుదురుకునే వ్యవధి ఇవ్వాలట. సమ్మె నోటీసులూ ధర్నాలూ తర్వాత చూసుకోవచ్చట. ఢాకా, కొలంబో, ఖాట్మండు పరిణామాల మీద బెజవాడలో ఎక్కడ నలుగురు కూడినా ఈ మాటే వినబడుతోంది. యజమానులు అంటే అనుకోవచ్చు, వాళ్లు ఎప్పుడూ అనేదే. యూనియన్ బాధ్యుల నోటి వెంట కూడా ఈ మాట రావడమే మమ్మల్ని కలవరపెడుతోంది.

కొలంబో సంగతే చూడండి. 2022లో పెట్రోలు బంకుల ముందు, గ్యాసు బండల కోసం రోజుల తరబడి నిలబడి విసిగిపోయిన జనానికి తోడుగా ఏప్రిల్ 28న, మళ్లీ మే 6న దేశమంతటా పని ఆపించినవి కార్మిక సంఘాలే. జూలైలో అధ్యక్షుడు గొటబాయ రాజపక్స దేశం విడిచి పారిపోయారు. ఆ కుర్చీ ఎక్కిన రణిల్ విక్రమసింఘే సమ్మెలను అణచడానికి అత్యవసర సేవల గెజిట్లు వాడుకున్నారు. అదేం ప్రజాస్వామ్యమని నిలదీసిన వాళ్లలో జనతా విముక్తి పెరమున, దాని వెంట నడిచే సంఘాలు ఉన్నాయి. 2024 సెప్టెంబరులో ఆ పార్టీ నాయకుడు అనుర కుమార దిసనాయకె అధ్యక్షుడయ్యారు. సరిగ్గా ఏడాదికి, విద్యుత్ బోర్డు ఉద్యోగులు ఆందోళనకు దిగగానే, విద్యుత్ సరఫరా అత్యవసర సేవ అంటూ గెజిట్ వచ్చేసింది. కాగితం అదే, అందులోని అధికారమూ అదే. సంతకం ఒక్కటే మారింది. మొదటాయన తీసినప్పుడు అది నిరంకుశత్వం, మనాయన తీసినప్పుడు అవసరం అయితే, ఈయన తర్వాత వచ్చేవాడు తీసినప్పుడు దాన్ని ఏమని పిలుస్తారు?

ఖజానా ఖాళీగా ఉండి, దిగిపోయినవాళ్లు మళ్లీ ఎక్కడానికి కాచుకుని ఉన్న సమయంలో సమ్మెలు కొత్త ప్రభుత్వాన్ని కుదిపేస్తాయన్న భయం పూర్తిగా ఉత్తదేమీ కాదు. ఆ భయాన్ని గౌరవిద్దాం. కానీ ఆ భయానికి మందు సంఘం నోరు కట్టేయడమైతే, ఆ మందు తాగిన దేశాలకు ఏమైందో చూడాలి.

పోలండ్ గురించి మనవాళ్లు సగం కథే చెప్పుకుంటారు. 1980 ఆగస్టులో గ్డాన్‌స్క్ ఓడల కర్మాగారంలో 21 డిమాండ్లతో మొదలైన సాలిడారిటీ, ఏడాది తిరిగేసరికి దాదాపు కోటి మంది సంఘమైంది. 1981 డిసెంబరు 13న సైనిక పాలన పెట్టి నాయకులను నిర్బంధించినా బతికింది. 1989లో పాలకులనే చర్చల బల్ల దగ్గరికి రప్పించింది, ఎన్నికలు పెట్టించింది, గెలిచింది, తన మనిషిని ప్రధానిని చేసుకుంది. ఇక్కడికి చప్పట్లు కొట్టి ఆపేస్తారు. 1990 జనవరి 1 నుంచి ధరల మీద అదుపు ఎత్తేసి, రాయితీలకు కత్తెర వేసినప్పుడు ఆ ప్రభుత్వానికి గొడుగు పట్టింది ఈ సంఘమే. మన ప్రభుత్వమే కదా, కొన్నాళ్లు ఓర్చుకోండని సభ్యులకు నచ్చచెప్పింది. ఓర్చుకున్నారు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, సంఘం సభ్యత్వ కార్డులు తిరిగి ఇచ్చేసి జనం వెళ్లిపోయారు. గొడుగు ముడిచేసరికి ఆలస్యమైంది. 1993 ఎన్నికల్లో పాత కమ్యూనిస్టు పాలకుల వారసులే గెలిచారు. 1996లో గ్డాన్‌స్క్ కర్మాగారమే దివాలా తీసింది.

దక్షిణాఫ్రికాది ఇంకా కఠినమైన పాఠం. జాతివివక్ష పాలనను కూలదోయడంలో 1985లో పుట్టిన కార్మిక సంఘాల సమాఖ్య కొసాటూ చేసిన పని చిన్నది కాదు. 1994 తొలి ఎన్నికల్లో తన నాయకులను 20 మందిని మండేలా పార్టీ ఏఎన్‌సీ జాబితాలో పార్లమెంటుకు పంపింది. నాయకులు చట్టసభకు వెళ్తే మేలే కదా అనుకున్నారు. గనిలో దిగేవాడికీ నాయకుడికీ మధ్య దూరం మాత్రం ఏటికేడు పెరిగింది. 2012 ఆగస్టు 16న మారికానా ప్లాటినం గని దగ్గర జీతాల కోసం సమ్మెలో ఉన్న 34 మందిని పోలీసులు కాల్చి చంపారు. ఆ గని కంపెనీ బోర్డులో అప్పుడు డైరెక్టరుగా ఉన్నది సిరిల్ రామఫోసా. అదే దేశంలో గని కార్మికుల జాతీయ సంఘానికి తొలి ప్రధాన కార్యదర్శి ఆయనే. కాల్పులకు ఆయన బాధ్యుడు కాదని విచారణ సంఘం తేల్చింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. మా ప్రశ్న ఆయన గురించి కాదు. ఆ రోజు ఆ కార్మికులు తమ పాత సంఘాన్ని నమ్మలేక ఇంకో సంఘం వైపు, ఏ సంఘమూ లేని సమ్మె వైపు ఎందుకు పోవలసి వచ్చింది? ప్రభుత్వం మనదైతే సంఘం ఎవరిది అని అడిగేవాడు లేకపోబట్టి.

పద్ధతి తెలిసిన సంఘం ఒకటుంది. ట్యునీషియాలో 2011 జనవరి 14న బెన్ అలీ పారిపోయాక ఏర్పడ్డ తాత్కాలిక మంత్రివర్గంలో యూజీటీటీ అనే కార్మిక సమాఖ్యకు మూడు పదవులు దక్కాయి. పాత పాలకుల మనుషులే అందులో కూర్చున్నారని తెలిసి, మంత్రివర్గాన్ని ప్రకటించిన మర్నాడే ఆ ముగ్గురినీ వెనక్కి పిలిచేసింది. 2013లో ఇద్దరు ప్రతిపక్ష నాయకుల హత్యలతో దేశం అంతర్యుద్ధం అంచుకు వచ్చినప్పుడు పాలకులూ ప్రతిపక్షమూ కూడా ఆ సంఘం మాట విన్నారంటే కారణం ఇదే. పదవి పట్టుకుని కూర్చోలేదు కాబట్టి పెద్దరికం మిగిలింది. యజమానుల సమాఖ్య, న్యాయవాదులు, మానవ హక్కుల సంఘంతో కలిసి అది నడిపిన చర్చల వల్లే 2014 జనవరిలో రాజ్యాంగం వచ్చింది. ఆ నాలుగు సంస్థలకూ కలిపి 2015లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మరి 2021 జూలై 25న అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును మూసేసినప్పుడు? జనం విసిగిపోయి ఉన్నారు, కొంచెం వేచి చూద్దామని ఆ సంఘమే తటపటాయించింది. 2025 ఆగస్టులో అధ్యక్షుడి మద్దతుదారులు ఆ సంఘం ప్రధాన కార్యాలయం గుమ్మం ముందుకే మూకుమ్మడిగా వచ్చారు. నోబెల్ పతకం ఉంది. గుమ్మానికి రక్షణ లేదు.

ఢాకాలో హసీనా 2024 ఆగస్టు 5న వెళ్లిపోయారు. రెండు నెలలు తిరగకముందే, సెప్టెంబరు 30న, ఆశులియా వస్త్ర పరిశ్రమల ప్రాంతంలో భద్రతా దళాల కాల్పుల్లో ఒక కార్మికుడు చనిపోయాడు. అప్పుడు ఉన్నది నోబెల్ గ్రహీత నడిపిన తాత్కాలిక ప్రభుత్వం. అక్కడా సంఘాలకు చెప్పిన మాట ఓపిక పట్టమనే.

పరాయి దేశాల ముచ్చట్లు మనకెందుకు అనేవాళ్లుంటారు. మన దేశంలోనే చూద్దాం. 1974 మే 8న దాదాపు 17 లక్షల మంది రైల్వే కార్మికులు సమ్మెకట్టారు. ఇరవై రోజులు నిలబడ్డారు. బెజవాడ లాంటి జంక్షన్ ఊళ్లో ఆ రోజుల మాట ఇప్పటికీ పెద్దవాళ్లు చెప్తారు. ఏడాది తిరిగాక ఎమర్జెన్సీ వచ్చింది. ఐఎన్‌టీయూసీ అప్పటి పాలక పార్టీ కాంగ్రెస్ బిడ్డ, దాని సంగతి వదిలేద్దాం. సమ్మెలో ఉన్న, సీపీఐ వెంట నడిచే ఏఐటీయూసీ కూడా ఎమర్జెన్సీని సమర్థించింది. ఆ మద్దతు చేతిలో ఉండగానే 1975 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి కనీస బోనస్‌ను 8.33 శాతం నుంచి 4 శాతానికి కోశారు. సమర్థించినందుకు దొరికిన కానుక అది. సీపీఐ 1978 భటిండా మహాసభలో ఆ సమర్థన తప్పని ఒప్పుకుంది. ఒప్పుకోవడం పెద్ద మనసే. కానీ మూడేళ్లు ఆలస్యమైన ఒప్పుకోలుతో జైళ్లలో గడిచిన రోజులు తిరిగి రావు.

జనతా ప్రభుత్వం వచ్చి బోనస్‌ను మళ్లీ 8.33 చేసింది. రైల్వే సమ్మె నడిపిన జార్జి ఫెర్నాండెజ్ అందులో మంత్రి. ఇంతకన్నా మన ప్రభుత్వం ఇంకోటి ఉంటుందా? అదే ప్రభుత్వం 1978లో పారిశ్రామిక సంబంధాల బిల్లు తెచ్చి సమ్మెకు సంకెళ్లు వేయబోయింది. అప్పుడు సంఘాలు జెండాల రంగు చూసుకోకుండా ఒక్కటై ఎదిరించాయి. బిల్లు చచ్చింది. మన చరిత్రలో సంఘాలు తమవాళ్ల ప్రభుత్వాన్ని కూడా నిలదీసిన అరుదైన సందర్భం అది. ఇవాళ యూనియన్ క్లాసుల్లో ఆ ముచ్చట ఎందుకు చెప్పరో మాకు అర్థం కాదు.

ఇక మన ఇంటి సంగతి. బెజవాడలో ఏ ఆటో స్టాండుకైనా వెళ్లి జెండా దిమ్మెను దగ్గరగా చూడండి. పెచ్చు ఊడిన చోట ఒక రంగు కింద ఇంకో రంగు, దాని కింద మరో రంగు కనబడతాయి. ఎన్నికల ఫలితాలు వచ్చిన వారంలో పెయింటు డబ్బా వస్తుంది. బోర్డు మీద గౌరవాధ్యక్షుడి పేరు మారుతుంది. కింద ఆటోలు అవే, డ్రైవర్లూ వాళ్లే, ఫైనాన్స్ కిస్తీలూ పోలీసు చలానాలూ అవే. గుంటూరు మిర్చి యార్డులో మార్కెట్ కమిటీ మారగానే హమాలీ ముఠాల దగ్గరికి కొత్త కండువాలు వస్తాయి. టిక్కీ, అంటే మిర్చి బస్తా, మోసే భుజానికి కమిటీ ఎవరిదో అక్కర్లేదు. ఈ సీజనులో కూలి రేటు ఎంత పెంచుతారన్నదే కావాలి. ఆ ప్రశ్న అడగాల్సిన మనిషి కొత్త ఛైర్మన్‌కు శాలువా కప్పే వరసలో ముందు నిలబడి ఉంటే ఎవరు అడుగుతారు?

2023 డిసెంబరు 12 నుంచి అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు 42 రోజులు సమ్మె చేశారు. నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనం మీద ఇల్లు నడుపుకునే ఆడవాళ్లు. 2024 జనవరి 6న వాళ్ల మీద అప్పటి వైఎస్సార్సీపీ ప్రభుత్వం సమ్మెను నిషేధించే ఎస్మా ప్రయోగించింది. పిల్లలకు పాలూ గుడ్డూ పెట్టే మనిషి ఆ జీవోతో అత్యవసర సేవకురాలైంది. అత్యవసర సేవకు తగ్గ జీతం అడిగితే మాత్రం గౌరవ వేతనం అన్నారు. విజయవాడ ధర్నా చౌక్‌లో నిరాహార దీక్ష శిబిరం మీదికి తెల్లవారకముందే పోలీసులు వచ్చారు. దుప్పట్లలో ఉన్నవాళ్లను లేపి వ్యాన్లెక్కించారు. ఆ శిబిరాలకు వచ్చి, పక్కన కూర్చుని, ఇదేం దుర్మార్గమని అడిగిన ప్రతిపక్ష నాయకులు ఇప్పుడు అధికారంలో ఉన్నారు. ఆ ఎస్మా ఏ చట్టం కింద వచ్చింది? 1971 నాటి ఆంధ్రప్రదేశ్ అత్యవసర సేవల నిర్వహణ చట్టం కింద. ఆ తర్వాత రాష్ట్రాన్ని కాంగ్రెస్ ఏలింది, తెలుగుదేశం ఏలింది, వైఎస్సార్సీపీ ఏలింది, ఇప్పుడు కూటమి ఏలుతోంది. ప్రతిపక్షంలో ఉండగా దాన్ని తిట్టని పార్టీ లేదు. అధికారంలోకి వచ్చి దాన్ని రద్దు చేసిన పార్టీ కూడా లేదు. ఎందుకు చేస్తారు? తమ ప్రభుత్వం వచ్చిన మొదటి నెలలోనే ఆ ఫైలు ముందు పెట్టి రద్దు చేయమని పట్టుబట్టే సంఘం లేనప్పుడు!

మౌనం ఊరికే పోదు. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. ఓవర్‌టైమ్ పరిమితిని మూడు నెలలకు 75 గంటల నుంచి 144 గంటలకు పెంచింది. 2025 నవంబరు 21న కేంద్రం 29 చట్టాలను మింగిన నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. ఇకమీద ఏ పారిశ్రామిక సంస్థలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది ఒకే రోజు క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మే. మూడు వందల మంది లోపు ఉన్న ఫ్యాక్టరీ మూసేయడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. కేంద్రంలోని పాలక పక్షానికి దగ్గరైన బీఎంఎస్ (భారతీయ మజ్దూర్ సంఘ్) వీటిలో రెండింటిని స్వాగతించి, రెండింటి మీద అభ్యంతరాలు చెప్పి, ఆ కోడ్‌లు అమలుకు రాకముందే 2025 జూలై 9న జరిగిన సార్వత్రిక సమ్మెకు మాత్రం దూరంగా ఉండిపోయింది. అభ్యంతరం ఉన్న సంఘం సమ్మె రోజున ఎక్కడుండాలో సభ్యులకు చెప్పనక్కర్లేదు. ఇటు రాష్ట్రంలో, ఎస్మా రోజున నోరు మెదపని వాళ్లు ఇవాళ పది గంటల పని మీద గొంతు చించుకుంటుంటే, ఆ రోజు ఎస్మా మీద గొంతు చించుకున్న కొందరు ఇవాళ పది గంటల మీద పెట్టుబడులు రావాలి కదా అంటున్నారు. ఇద్దరూ ఒకే తాడుకు రెండు కొసలు పట్టుకున్నారు. మధ్యలో బిగుసుకునేది ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు దిగే మనిషి మెడ.

అన్ని రంగుల సంఘాల బాధ్యులకూ నేరుగా చెప్తున్నాం. 1971 చట్టం రద్దు చేయాలని, పది గంటల నిర్ణయం వెనక్కి తీసుకోవాలని ఒకే వినతిపత్రం రాయండి. ఏ పార్టీ పేరూ, ఏ గౌరవాధ్యక్షుడి ఫోటో లేకుండా, సచివాలయానికి పట్టుకెళ్లండి. మీ సంఘం సభ్యుడో ఆఫీసు బేరరో కార్పొరేషన్ పదవిలోనో మార్కెట్ కమిటీలోనో ఉంటే ఆ పదవో, సంఘమో, రెంటిలో ఏదో ఒకటి వదులుకోమనండి. ట్యునీషియాలో ముగ్గురు మంత్రులు ఒక్క రోజులో చేసిన పని మీకు అయిదేళ్లలో చేతకాదా? ఆ వినతిపత్రం మీద సంతకం పెట్టడానికి వెనకాడే నాయకుడు ఎవరో, వచ్చే జనరల్ బాడీలో చందా కట్టిన ప్రతి సభ్యుడూ లేచి, పేరు పెట్టి అడగాలి.