64 కోర్ల సభలో ఒక్కడే పనివాడు

సర్వర్ కొనుగోలు కోసం తయారుచేసిన పోలిక పట్టిక ఒకటి ఈమధ్య నా కంటపడింది. అందులో పదకొండు నిలువు వరుసలు. మొదటిది కోర్ల సంఖ్య, అంటే ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు ఎన్నని. రెండోది త్రెడ్ల సంఖ్య (ఒక్కో కోర్ ఒకేసారి చేపట్టే పనులు రెండు), అంటే మొదటి వరుసలోని అంకెనే రెండుతో హెచ్చవేసి మళ్ళీ రాయడం. ఆ తరవాత పెట్టె ఎత్తు, బరువు, వారంటీ, ముందు తలుపుకు తాళం ఉందా లేదా, చివరికి రంగు కూడా ఉంది. ఒక్కో కోర్ ఎంత వేగంతో నడుస్తుందన్న వరుస మాత్రం లేదు. ఎందుకు లేదని అడిగితే, పట్టిక తయారుచేసిన పెద్దమనిషి ఎంతో మర్యాదగా, "కాగితం వెడల్పు చాలలేదండీ" అన్నారు.

ఆయన్ను నేను తప్పుపట్టను. కాగితానికి వెడల్పు అంటూ ఒకటి ఉంటుంది. రంగు వరుస తీసేద్దామంటే, రేపు పెట్టె వచ్చాక అది మనదో కాదో ఎలా పోల్చుకుంటారు?

ప్రాసెసర్ ఎంపిక ఇప్పుడు తలలు లెక్కపెట్టే విద్యగా స్థిరపడింది. ఎవరి పెట్టెలో ఎక్కువ తలలుంటే వారిదే గెలుపు. ఈ వాతావరణంలో ఎవరైనా నోరు తెరిచి, "మనకు 16 కోర్లు చాలు, కానీ వేగంగా నడిచేవి కావాలి" అన్నారో, ఇక అంతే. సమావేశం మొత్తం అతనివైపు జాలిగా చూస్తుంది. "పదహారా? నా ఫోనులోనే ఎనిమిది ఉన్నాయే!" అని ఒకరు తప్పకుండా అంటారు. ఈ చమత్కారానికి ఎవరూ నవ్వని సమావేశం నేనింతవరకు చూడలేదు. ఇంకొకరు 'భవిష్యత్తు' అనే మాట వాడతారు. భవిష్యత్తు అన్నాక వాదన ముగిసినట్టే. 64 కోర్లకు సంతకం పడుతుంది.

అలా సంతకం పడిన ఒక సర్వర్ ముందు ఒక నెలాఖరు రాత్రి కూర్చునే భాగ్యం నాకు కలిగింది. ఆ రాత్రి నడవాల్సింది ఖాతాల ముగింపు లెక్క. ఏ కోర్ ఎంత పనిచేస్తోందో గీతలుగా చూపించే తెర ఒకటి ఉంటుంది, మీకు తెలిసే ఉంటుంది. 64 కోర్లు, కోర్‌కు రెండు త్రెడ్లు, వెరసి 128 గీతలు. లెక్క మొదలైంది. 127 గీతలు ఖాళీగా ఉన్నాయి. ఒక్క గీత మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండిపోయింది. కాసేపటికి ఆ నిండు గీత 11వ స్థానం నుంచి 47వ స్థానానికి గెంతింది. మరి కాసేపటికి 90కి వెళ్ళింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పనిని ఒక కోర్ మీద నుంచి ఇంకో కోర్ మీదికి మారుస్తోందన్నమాట. ఇంత పెద్ద సభలో పనిచేసేవాడు ఒక్కడే, వాడికీ కుర్చీ నిలకడ లేదు. మిగిలినవాళ్ళు వాడు తమ పక్కకు వచ్చినప్పుడల్లా లేచి చోటిచ్చి, వెళ్ళగానే మళ్ళీ పడుకుంటున్నారు.

మర్నాడు ఉదయం సమీక్ష. లెక్క ఎందుకు ఆలస్యమైందని పైఅధికారి అడిగారు. సర్వర్ మీద భారం ఎక్కువైందేమోనని ఎవరో అన్నారు. వెంటనే గోడమీది పెద్ద తెర చూశారు. ప్రాసెసర్ వినియోగం 1 శాతం. పక్కన పచ్చటి గుర్తు. నిజానికి 0.78 శాతం. 128లో ఒకటి అంతే అవుతుంది. తెర దయతలచి పైకి సవరించి 1 చూపించింది.

"ఏమ్మా, సర్వర్ 1 శాతమే వాడుతోంది కదా. 99 శాతం ఖాళీగా పెట్టుకుని ఆలస్యమైందంటావేమిటి?" అన్నారు పైఅధికారి, ఆ లెక్క ప్రోగ్రాము చూసుకునే అమ్మాయితో.

"సార్, ఆ లెక్క ఒకే త్రెడ్ మీద నడుస్తుంది. ఆ త్రెడ్ నిండిపోయింది. మిగిలిన కోర్లు ఎన్ని ఉన్నా..."

"అంటే కోర్లు చాలడం లేదంటావు."

ఆ అమ్మాయి నోరు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత పుట్టిన క్షణం ఇలాంటిదే అయి ఉంటుంది. సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది: మదర్‌బోర్డు మీద రెండో సాకెట్ ఖాళీగానే ఉంది కాబట్టి అందులో ఇంకో 64 కోర్ల ప్రాసెసర్ పెట్టాలి.

పెట్టారు. తరవాతి నెలాఖరుకు తెర మీద 256 గీతలు. అందులో 255 ఖాళీ. లెక్క పోయిన నెలకంటే నాలుగు నిమిషాలు ఆలస్యంగా ముగిసింది. కారణం మామూలుదే. రెండు సాకెట్లలో దేని మెమరీ దాని పక్కన ఉంటుంది. పని ఈ సాకెట్‌లో, దానికి కావలసిన సమాచారం ఆ సాకెట్ పక్కన ఉంటే, ప్రతిసారీ వంతెన దాటి వెళ్ళి తెచ్చుకోవాలి. కానీ సమీక్షలో ఈ నాలుగు నిమిషాల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎందుకంటే గోడమీది తెర అద్భుతం చూపించింది. 256లో ఒకటి 0.39 శాతం. తెర ఈసారి కిందికి సవరించింది. ప్రాసెసర్ వినియోగం 0 శాతం.

సున్నా! సంస్థ లెక్కలన్నీ తేల్చేసి కూడా సర్వర్ ఏమీ చేయలేదు! చప్పట్లు మోగాయి. "చూశారా, భారం ఎలా తగ్గిపోయిందో" అన్నారు పైఅధికారి. నేనైతే ఆ చప్పట్లలో మనస్ఫూర్తిగా పాలుపంచుకున్నాను. చేయగలిగింది ఇంకేమీ లేదు.

ఈ విషయం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1967లో, అప్పుడు ఐబీఎంలో ఉన్న జీన్ ఆమ్‌డాల్ మూడంటే మూడు పేజీల వ్యాసంలో చెప్పేశాడు. పనిలో కొంత భాగం పంచుకోవడానికి లొంగదు, ప్రాసెసర్లు ఎన్ని పెట్టినా ఆ భాగం దగ్గర అన్నీ ఆగవలసిందే అని. దాన్నే ఆయన పేరుతో సూత్రమన్నారు. దీనికి గణిత పండితులు అక్కర్లేదు, కూడికలు, భాగహారాలు వస్తే చాలు. ఒక పని ఒకే కోర్ మీద 40 నిమిషాలు పడుతుందనుకోండి. అందులో 10 నిమిషాల భాగం పంచడానికి వీలుకానిది, 30 నిమిషాలది పంచదగ్గది. 96 కోర్లు పెడితే ఆ 30 నిమిషాలు 19 సెకన్లకు దిగుతాయి. ఆహా అనిపిస్తుంది. కానీ 10 నిమిషాలు 10 నిమిషాలే. మొత్తం 10 నిమిషాల 19 సెకన్లు.

ఇప్పుడు అచ్చంగా మార్కెట్‌లో ఉన్న రెండు ప్రాసెసర్లు తీసుకుందాం, రెండూ ఏఎండీవే, ఒకే తరానివి. ఎపిక్ 9654లో 96 కోర్లు. బేస్ వేగం, అంటే మామూలు వేగం, 2.4 గిగాహెర్ట్జ్; బూస్ట్, అంటే వీలైనప్పుడు అందుకునే గరిష్ఠ వేగం, 3.7. ఎపిక్ 9174ఎఫ్‌లో 16 కోర్లు. బేస్ 4.1, బూస్ట్ 4.4. మొదటిదానికి నేను ఉదారంగా ఒక వరం ఇస్తాను: 96 కోర్లూ ఒక్కసారిగా పనిచేస్తున్నా ప్రతి ఒక్కటీ 3.7 వేగంతోనే పరుగెత్తుతుందని అనుకుందాం. అందరూ లేచి పనిచేస్తే వేడి పెరిగి వేగం కిందికి దిగుతుంది, అయినా సరే. పై 40 నిమిషాలు ఈ 3.7 వేగం లెక్కే అనుకోండి. అదే పనిని 4.4 వేగంతో నడిచే 16 కోర్లు 9 నిమిషాల 59 సెకన్లలో ముగిస్తాయి. 16 కోర్లు 96 కోర్లను 20 సెకన్ల తేడాతో ఓడించాయి, అదీ ఎదుటివాడికి వరమిచ్చి మరీ. నమ్మకపోతే ఫోను తీసి లెక్క వేసుకోండి. దాంట్లో ఎనిమిది కోర్లు ఉన్నాయి కదా.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. ఈ రెండు ప్రాసెసర్లకూ మెమరీ దారులు సమానమే: 12 ఛానెళ్ళు, డీడీఆర్5-4800 రకం మెమరీ, సెకనుకు దాదాపు 460 గిగాబైట్లు. 96 మందికి పంచితే తలా 4.8. 16 మందికి పంచితే తలా 28.8. క్యాష్, అంటే కోర్ల పక్కనే ఉండే చిన్న చురుకైన మెమరీ, దాని సంగతీ అంతే. 9654లో ఎనిమిదేసి కోర్లు కలిసి 32 మెగాబైట్ల ఎల్3 క్యాష్‌ను పంచుకుంటాయి, 9174ఎఫ్‌లో అంతే క్యాష్‌ను ఇద్దరే అనుభవిస్తారు. కరెంటు బాగా కలిసొస్తుందని మాత్రం నేను చెప్పను. ఆ 16 కోర్లదీ 320 వాట్లు తాగే శాల్తీయే. వేగం ఊరికే రాదు.

ఇక లైసెన్సుల సంగతి. ఇది గోరుచుట్టుపై రోకటిపోటు. మైక్రోసాఫ్ట్ వారి డేటాబేసు ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 2012 వెర్షన్ నుంచి లైసెన్సును కోర్‌ల లెక్కన అమ్ముతున్నారు. సర్వర్ మొత్తానికి తీసుకుంటే అందులో ఉన్న ప్రతి కోర్‌కూ కట్టాలి. పనిచేస్తోందా, పడుకుందా అని అడగరు. 16 కోర్లకు కట్టేదానికి ఆరు రెట్లు 96కు కట్టాలి. లోకంలో నిద్రపోయేవాడికి జీతమిచ్చే చోట్లు చాలానే ఉండవచ్చు గానీ, నిద్రపోతున్నందుకు ఇంకొకరికి కప్పం కట్టే ఏర్పాటు ఇదొక్కటే. ఎనిమిది, పదహారు కోర్లతో ఖరీదైన ప్రాసెసర్లు అసలు ఎందుకు తయారుచేస్తున్నారని ఆశ్చర్యపోయేవారు ఒక్కసారి తమ లైసెన్సు బిల్లు తీసి చూస్తే చాలు. తయారుచేసేవాడికి తెలిసిన సంగతి కొనేవాడికి తెలియదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. వందల వర్చువల్ మెషీన్లు పక్కపక్కన పెట్టేవాళ్ళకూ, వీడియోలు కుదించేవాళ్ళకూ, ఒకదానితో ఒకటి సంబంధంలేని వేల అభ్యర్థనలకు జవాబిచ్చేవాళ్ళకూ ఎక్కువ కోర్లు కావాలి. కొనుక్కోండి, నాకేమీ పేచీ లేదు. పూర్వం గిగాహెర్ట్జ్‌ను పూజించేవాళ్ళూ ఇలాంటివాళ్ళే. 2004లో పెంటియం 4 3.8 గిగాహెర్ట్జ్ దాకా వెళ్ళి వేడికి తట్టుకోలేక ఆగిపోయింది, అంతకంటే తక్కువ అంకె ఉన్న ప్రాసెసర్లు చాలా పనుల్లో దాన్ని దాటిపోయాయి. అప్పుడు ఒక అంకె, ఇప్పుడు ఇంకో అంకె. ఏ పని చేయించాలి అన్న ప్రశ్న అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు. రెడిస్ అనే డేటాబేసు తన ఆదేశాలను ఒకే త్రెడ్ మీద నడుపుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేసుకు ఒక క్వెరీని (సమాచారం అడిగే ప్రశ్నను) పలు ప్రాసెస్‌లకు పంచే విద్య 2016లో 9.6 వెర్షన్‌తో గానీ అబ్బలేదు. పైథాన్ భాషలో మామూలుగా త్రెడ్లన్నీ ఒకే తాళంచెవి కోసం వరుసలో నిలబడతాయి. ఆ తాళం లేని పైథాన్ 2024లో ప్రయోగంగా వచ్చింది. మన పనుల్లో సగం వీటి మీదే నడుస్తాయి. ఇవేవీ ఆ పదకొండు వరుసల్లో లేవు.

ఆ అమ్మాయికి మూడో నెల ఒక మెయిలు వచ్చింది. "హార్డ్‌వేరు రెట్టింపు చేసినా ఫలితం లేనందున లోపం ప్రోగ్రాములోనే ఉన్నట్టు తేలింది. లెక్కను అన్ని కోర్లూ వాడేలా వారంలోగా తిరగరాయగలరు." తిరగరాయడమట! ఆ లెక్కలో ఇవాళ్టి ముగింపు నిల్వే రేపటి ప్రారంభ నిల్వ. 29వ తేదీ తేలకుండా 30వ తేదీ ఎలా తేలుతుంది? 30 రోజులను 30 కోర్లకు పంచితే, రెండో కోర్ ఏ నిల్వతో మొదలుపెట్టాలి? ఊహించుకుని రాయాలా? చిన్న పిల్లకు చెప్పినా అర్థమయ్యే ఈ సంగతి ఆమె రెండు నెలలుగా చెబుతూనే ఉంది, మూడుసార్లు రాసి ఇచ్చింది. ఒక్కరూ చదవలేదు. ఎవరి సంతకంతో ఆ పెట్టె వచ్చిందో వాళ్ళు నెలాఖరు రాత్రి ఇంట్లో నిద్రపోయారు. తెల్లవారుజామున మూడింటికి ఆ గీత ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తూ కూర్చున్నది ఆమె. కొన్నవాడు ఏనాడూ ఎదురుచూడడు, ఎదురుచూసేవాళ్ళను ఏనాడూ అడగడు. అడిగి ఉంటే ఒక్క మాటలో చెప్పేది. అడగకపోగా, తమ అజ్ఞానానికి ఆమె పనితనాన్ని జామీను పెట్టారు. ఆ ఏడాది ఆమె పనితీరు నివేదికలో 'వనరులను సమర్థంగా వినియోగించలేకపోయారు' అని రాశారు. సిగ్గుండాలి!

ఆమె ఉద్యోగం మారింది. వెళ్ళేముందు ఆ లెక్కను తన బల్లమీది మామూలు కంప్యూటర్‌లో ఒకసారి నడిపి చూసింది. ఆరు కోర్లది, కాస్త గట్టి వేగం. సర్వర్ కంటే ముందే ముగిసింది. ఆ సంగతి చివరి మెయిల్లో ఒక వాక్యంగా రాసింది. దానికి జవాబు వచ్చింది: సంస్థ సమాచారాన్ని అనుమతి లేకుండా వ్యక్తిగత యంత్రంలో పెట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలి.

కొత్త సర్వర్ కోసం పోలిక పట్టిక మళ్ళీ తయారైంది. ఈసారి పన్నెండు వరుసలు. నా పోరు పడలేక క్లాకు వేగానికి కూడా ఒక వరుస ఇచ్చారు, రంగు పక్కన. అందులో ప్రతి గడిలోనూ ఒకటే రాసి ఉంది: 'ఉంది'.