బందరు రోడ్డు కెమెరా గారికి

మహారాజరాజశ్రీ సిగ్నల్ కెమెరా గారి సముఖమునకు, బెజవాడ వాహనదారుడొకడు వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీ వాళ్లకు విదేశాల్లో రోజులు బాగోలేవండీ. కెనడాలోని ఒంటారియోలో 2025 నవంబరు 14 నుంచి స్పీడ్ కెమెరాలు నిషేధం. అవి డబ్బు దండుకునే యంత్రాలని అక్కడి ప్రీమియర్ డగ్ ఫోర్డ్ తేల్చేశారు. టొరంటోలో బడుల దగ్గర కెమెరాలు పెట్టాక వేగం మీరేవాళ్లు 45 శాతం తగ్గారని పిల్లల ఆసుపత్రి పరిశోధకులు లెక్క చూపించినా ఉద్వాసన తప్పలేదు. అంతకుముందే అక్కడ ఒకదాన్ని నరికి బాతుల చెరువులో పడేశారు. మీకు పక్కనే బందరు కాలువ ఉంది, జాగ్రత్త. అమెరికాలో టెక్సాస్ అయితే 2019లోనే రెడ్ లైట్ కెమెరాలను సాగనంపింది.

ఈ వార్త మా పటమట టీ కొట్టుకు చేరిన సాయంత్రమే మన రాష్ట్రానికీ ఓ బిల్లు ముసాయిదా సిద్ధమైంది. 'పక్క సందులోకే' వెళ్లేవాడికి హెల్మెట్ అక్కర్లేదు. పక్క సందు గొల్లపూడిలో ఉన్నా సరే. రాంగ్ రూట్‌లో హారన్ కొట్టుకుంటూ వస్తే అది రైట్ రూటే. బండి మీద మూడోవాడు బావమరిదైతే అది కుటుంబ వ్యవహారం, పోలీసులు తలదూర్చరాదు. అన్నీ ఏకగ్రీవం.

అసలు మా కోపం వెయ్యి రూపాయల జరిమానా మీద కాదు. మీకు మొహం చూసి బొట్టు పెట్టడం రాదు, అదీ బాధ. కానిస్టేబుల్ అయితే "అన్నా, అమ్మకు బాగోలేదు" అంటే కరుగుతాడు. కరగకపోతే "సార్ మాట్లాడతారంట" అని ఫోన్ చేతిలో పెడతాం. మీకు ఫోన్ ఎలా ఇవ్వాలి? ప్లేటు మీద 'ఎమ్మెల్యే గారి తాలూకా' అని ఇంతేసి అక్షరాలు రాయించుకున్నా, మీరు దాని కింద నలిగిపోయిన అంకెలే చదువుతారు. అందుకే సిగ్నల్ దగ్గర వెనక కూర్చున్నావిడ చున్నీ సరిగ్గా నెంబరు మీదికి జారుతుంది. దారంతా ట్యాంకు మీద కూర్చుని వచ్చిన హెల్మెట్ మీ ముందు తలెక్కి, ఫ్లైఓవర్ దాటగానే దిగిపోతుంది.

అలాగని మీరూ శుద్ధపూసలేం కాదు. 2021 నాటి కేంద్ర నిబంధన ప్రకారం మీకూ ఏటా సర్టిఫికెట్ రెన్యువల్ ఉండాలి, మీరున్నారని ముందే బోర్డు కనపడాలి. నాకైతే కనపడలేదు. ఏ పుట్టినరోజు ఫ్లెక్సీ వెనకో ఉండి ఉంటుంది లెండి. స్టాప్ లైన్ దాటామని ఫొటో తీస్తారు, ఆ గీత ఎప్పుడో చెరిగిపోయిందని మాత్రం చెప్పరు. బండి కొన్నవాడు పేరు మార్పించుకోకపోతే వాడి చలానాలన్నీ అమ్మినవాడి నెత్తిన వేస్తారు.

ముందు గీతలు వేయించమని, బోర్డులు పెట్టించమని ఒక క్లాజు చేరుద్దామన్నాను. ఎవరూ చెయ్యెత్తలేదు. గీత ఉంటే దాటామని రుజువవుతుందట.

ఇట్లు,
మీ కంట పడని ఒకడు

తా.క.: ముసాయిదా రాసిన పెద్దమనిషి స్కూటర్‌ని మొన్న మీ ఎదురుగానే ఒక కారు గుద్ది పోయింది. దాని నెంబరు కోసం మీ ఫుటేజీ కావాలట. ఎవరిచేతైనా చెప్పిస్తే త్వరగా దొరుకుతుందా అని అడుగుతున్నాడు.