గూగుల్‌లో దొరికిన ఫొటో మనది కాదు

"గూగుల్‌లో ఉన్న ఫొటో ఎవరైనా వాడుకోవచ్చు. దానిమీద పేరు లేకపోతే కాపీరైట్ లేనట్టే. కింద 'కర్టసీ: గూగుల్' అని వేస్తే చాలు. లాభం కోసం కాకపోతే కేసు కాదు." నల్లగొండ, మిర్యాలగూడ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. ఫ్లెక్సీలు డిజైన్ చేసే తమ్ముళ్లు దీన్నే చట్టం అనుకుంటున్నారు. కాదు.

గూగుల్ ఫొటోలు తీయదు, ఎవరెవరో తీసినవి వెతికి చూపిస్తుంది. వాటికి కాపీరైట్ ఉండవచ్చని అక్కడే రాసి కూడా పెడుతుంది.

ఇక పేరు సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీయగానే హక్కు వచ్చేస్తుంది. పేరు వేయకపోయినా, రిజిస్టర్ చేయించకపోయినా ఉంటుంది. 2012 సవరణ తర్వాత అది తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. డబ్బిచ్చి తీయించుకున్న పెళ్లి ఫొటోలు వేరు: వేరే ఒప్పందం లేకపోతే హక్కు తీయించుకున్నవారిదే. మా స్టూడియోల వాళ్లం కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

నాగార్జున సాగర్ డ్యామ్ 26 గేట్లూ ఎత్తిన రోజు తుంపరలో తడుస్తూ, లెన్స్ తుడుచుకుంటూ పొద్దంతా నిలబడి ఒక ఫొటో తీశాను. కొన్నాళ్లకు అది క్లాక్ టవర్ దగ్గర ఒక ప్లాట్ల వెంచర్ ఫ్లెక్సీ మీద కనిపించింది. కుడివైపు కింద నా పేరు కత్తిరించారు, చివరి అక్షరం కొమ్ము మాత్రం మిగిలింది. ఎడమ మూలన నీటిచుక్క మచ్చ అలాగే ఉంది. ఆ మచ్చను చూసే గుర్తుపట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కర్టసీ అంటే అనుమతి కాదు. క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్స్‌తో పెట్టిన కొన్ని ఫొటోలకు పేరు వేస్తే చాలంటున్నారంటే, తీసినవాళ్లు ముందే ఆ షరతు మీద అనుమతి ఇచ్చారు కాబట్టి. అక్కడ కూడా వేయాల్సింది వాళ్ల పేరు, గూగుల్ పేరు కాదు.

అన్నిటికన్నా ప్రమాదం 'లాభం కోసం కాకపోతే కేసు కాదు' అన్న ఆఖరి మాట. సొంతంగా చదువుకోవడానికి, సమీక్షకు, వార్తకు చట్టంలో కొంత మినహాయింపు ఉంది. యూత్ అసోసియేషన్ దసరా ఫ్లెక్సీ ఆ కిందికి రాదు. తెలిసి వాడితే 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వ్యాపారం కోసం కాకపోతే కోర్టు శిక్ష తగ్గించవచ్చు, అంతే. ఇది నాన్ బెయిలబుల్ నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలియక వాడినా తీసేయమని, వచ్చిన లాభం ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు.

తమ్ముళ్లూ, సాగర్‌వో పానగల్లు గుడివో ఫొటోలు కావాలంటే ఒక్క ఫోన్ చేయండి. బడికో, ఊరి జాతరకో అయితే డబ్బులు అడగను. పెద్ద సైజు ఫైలే పంపిస్తాను, ప్రింట్ కూడా మసకబారదు.