కింగ్‌ఫిషర్ స్వదేశీ కాదు, బీరు ఔషధమూ కాదు

ఈ వేసవిలో అనంతపురంలో చాలామంది ఫోన్లలో ఒక సందేశం తిరిగింది. నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. అందులోని మాటలు ఇవి: "కింగ్‌ఫిషర్, హేవర్డ్స్, నాకౌట్ మన స్వదేశీ బీర్లు. బడ్వైజర్ అమెరికావాళ్ళది, మానేయండి. మన కంపెనీలు పోటీపడితే ధర దిగి వస్తుంది. బీరు బార్లీ నీళ్ళే, మద్యం కాదు. ఎండాకాలంలో రోజుకో సీసా తాగితే కిడ్నీలో రాళ్ళు కరిగిపోతాయి." ఎవరు ఏది తాగాలో చెప్పడానికి నేను కూర్చోలేదు. కానీ దేశం పేరు చెప్పి, వైద్యం పేరు చెప్పి ఇన్ని అబద్ధాలు పంచుతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మొదట కింగ్‌ఫిషర్ సంగతి. దాన్ని తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ మన గడ్డ మీద పుట్టిన మాట నిజమే. 1915లో దక్షిణాదిలోని ఐదు బీరు కర్మాగారాలను కలిపి దాన్ని నెలకొల్పింది థామస్ లీష్‌మన్ అనే స్కాట్లాండ్ దేశస్థుడు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో విఠల్ మాల్యా అందులోకి వచ్చారు, తర్వాత అది ఆయన కుటుంబానిదైంది. సందేశం రాసినవారు కథను అక్కడే ఆపేశారు. 2008లో నెదర్లాండ్స్‌కు చెందిన బీరు కంపెనీ హైనెకెన్, డెన్మార్క్ బీరు కంపెనీ కార్ల్స్‌బర్గ్‌తో కలిసి బ్రిటన్‌లోని స్కాటిష్ అండ్ న్యూకాజిల్ కంపెనీని కొన్నది. ఆ కంపెనీకి యునైటెడ్ బ్రూవరీస్‌లో ఉన్న పెద్ద వాటా అలా హైనెకెన్‌కు దక్కింది. ఇక విఠల్ కొడుకు విజయ్ మాల్యా బ్యాంకులకు బాకీపడ్డ అప్పుల కింద జప్తయిన షేర్లను 2021 జూన్‌లో రుణ వసూళ్ళ ట్రిబ్యునల్ అధికారి అమ్మితే, దాదాపు 15 శాతం వాటాను హైనెకెనే సుమారు 5,800 కోట్ల రూపాయలకు కొన్నది. దాంతో దాని వాటా 61.5 శాతానికి చేరింది. అంటే కింగ్‌ఫిషర్ పగ్గాలు ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నాయి. కర్మాగారాలు ఇక్కడివే, పనిచేసేవాళ్ళు మనవాళ్ళే, పన్నులు కట్టేదీ ఇక్కడే, మిగిలిన షేర్లు మన స్టాక్ మార్కెట్లో ఉన్నాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే షేర్ల మాట తప్ప మిగతావన్నీ ఇండియాలోనే తయారయ్యే బడ్వైజర్‌కూ వర్తిస్తాయి కదా!

హేవర్డ్స్, నాకౌట్ విషయంలో సందేశం మరీ ఘోరంగా తప్పింది. ఆ రెండు పేర్లూ ఒకప్పుడు శాబ్‌మిల్లర్ చేతిలో ఉండేవి. దక్షిణాఫ్రికాలో మొదలై లండన్‌కు మారిన కంపెనీ అది. 2016లో దాన్ని వంద బిలియన్ డాలర్లకు పైగా పోసి ఏబీ ఇన్‌బెవ్ అనే మరో బీరు కంపెనీ కొనేసింది. బడ్వైజర్ ఎవరిది? అదే ఏబీ ఇన్‌బెవ్‌ది. బడ్వైజర్ మాని నాకౌట్ కొన్న మనిషి డబ్బు ఒకే ఇంటి గుమ్మానికి చేరుతుంది. ఆ ఇల్లు అమెరికాలోనూ లేదు. బడ్వైజర్‌ను మొదట తయారుచేసిన, అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు పాత కంపెనీ యాన్‌హైజర్-బుష్‌ను 2008లోనే ఇన్‌బెవ్ కొని ఏబీ ఇన్‌బెవ్ అయింది, దాని ప్రధాన కార్యాలయం బెల్జియంలోని లూవెన్‌లో ఉంది.

ఇక పోటీ, ధర. నాకు ఎక్కువ కోపం తెప్పించిన వాక్యం ఇదే. కంపెనీలు తమలో తాము కుమ్మక్కు కాకుండా చూసే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 2021 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పును ఈ సందేశం రాసినవారు ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది. మనలాంటి రాష్ట్రాల్లో బీరు కంపెనీలు సరుకును ప్రభుత్వ కార్పొరేషన్‌కే అమ్మాలి, ధర పెంచాలంటే ప్రభుత్వాన్నే అడగాలి. అలా ఎంత అడగాలో పోటీ కంపెనీలు ముందే తమలో తాము మాట్లాడుకున్నాయని కమిషన్ తేల్చింది. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2009 నుంచి 2018 దాకా సాగిన వ్యవహారం అది. యునైటెడ్ బ్రూవరీస్‌కు సుమారు 752 కోట్లు, కార్ల్స్‌బర్గ్ ఇండియాకు సుమారు 121 కోట్లు జరిమానా వేశారు. ఏబీ ఇన్‌బెవ్ తానే ముందుగా వెళ్ళి సమాచారం ఇచ్చినందుకు దానికి పూర్తి మినహాయింపు దొరికింది. మిగతావి అప్పీలుకు వెళ్తే 2022 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ ఆ తీర్పునే సమర్థించింది. స్వదేశీ అంటున్నదీ విదేశీ అంటున్నదీ కలిసే కూర్చుని మన జేబు సంగతి మాట్లాడుకున్నాయి. పైగా సీసా ధరలో పెద్ద భాగం రాష్ట్ర పన్నే.

"బార్లీ నీళ్ళే" అన్న మాటకు సీసా వెనుక ఉన్న చీటీయే జవాబు. స్ట్రాంగ్ బీరులో 8 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. 650 మిల్లీలీటర్ల సీసాలో అది 52 మిల్లీలీటర్లు. 42.8 శాతం ఉండే విస్కీ క్వార్టర్‌లో, అంటే 180 మిల్లీలీటర్లలో, దాదాపు 77. అంటే ఒక్క బీరు తాగినవాడు క్వార్టర్‌లో మూడింట రెండు వంతులు తాగినట్టే. మన ఇళ్ళలో జ్వరమొచ్చినప్పుడు కాచి ఇచ్చే బార్లీ నీళ్ళతో దీన్ని ఎలా పోలుస్తారు?

చివరిది, రాళ్ళు. మా చిన్న మామయ్య నడుము నొప్పిని ఇరవై రోజులు ఓర్చుకున్నాడు. ఆసుపత్రికి వెళ్దామంటే ఫోను తీసి ఈ సందేశమే చూపించేవాడు. చివరికి స్కాన్ తీయిస్తే 9 మిల్లీమీటర్ల రాయి ఉన్నచోటే ఉంది, కిడ్నీ వాచింది. డాక్టరు స్కాన్ కవరు మీదే బొమ్మ గీసి చెప్పారు. బీరు తాగితే మూత్రం ఎక్కువగా పోతుంది, దాన్ని చూసి రాయి కరుగుతోందని జనం అనుకుంటారు. నిజానికి ఆల్కహాల్ ఒంట్లో నీటిని నిలబెట్టే హార్మోన్‌ను అణచివేస్తుంది, తర్వాత ఒళ్ళు మరింత ఎండిపోతుంది. ఎక్కువమందిలో కనిపించే కాల్షియం ఆక్సలేట్ రాయిని బీరు కరిగించలేదు. బీరులోని ప్యూరిన్లు అనే పదార్థాలు ఒంట్లో యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి, అది మరో రకం రాళ్ళకు దారి. చిన్న రాళ్ళు చాలావరకు వాటంతటవే పడిపోతాయి, ఆ ఘనత బీరుకు కట్టబెడుతున్నారు. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న మన జిల్లాలో ఒంటికి కావలసింది నీళ్ళు.

దాహం వేసేదాకా ఆగకుండా రోజంతా నీళ్ళు తాగాలని ఆయన రాసిచ్చిన చీటీ మామయ్య ఇంట్లో ఫ్రిజ్‌కు అంటించి ఉంది. దాన్ని ఫోటో తీసి, సందేశం వచ్చిన మూడు గ్రూపుల్లోనూ పెట్టాను.