మండనుడి వాకిట చిలుకల గొడవ

ఆదిశంకరుల కథ చెప్పే మాధవీయ శంకర విజయంలో సరదా ఘట్టం ఒకటి ఉంది. మాహిష్మతిలో మండన మిశ్రుడి ఇల్లెక్కడని శంకరుడు అడిగితే, నీళ్లకు వెళ్తున్న దాసీలు గుర్తు చెప్తారు: ఏ వాకిట ఆడచిలుకలు 'స్వతః ప్రమాణం, పరతః ప్రమాణం' అని పలుకుతుంటాయో అదే ఆయన ఇల్లు. మండనుడి పాండిత్యానికి గుర్తుగా ఈ కథ చెప్పుకుంటాం గానీ, చిలుకల గొడవేమిటో అడిగేవాళ్లు తక్కువ.

మనకు కలిగిన జ్ఞానం నిజమేనని ఎలా తెలుస్తుంది? గొడవంతా దీని మీదే. న్యాయ దర్శనం నమ్మే తార్కికులు, అంటే నైయాయికులది 'పరతః' పక్షం: ఒక జ్ఞానం నిజమని వేరేదానితో తేలాలి. దూరాన నీళ్లు కనిపించాయి. నీళ్లో ఎండమావులో ఆ చూపు ఒక్కటే తేల్చదు. వెళ్లి తాగి, దాహం తీరితే తెలుస్తుంది. సబబుగానే ఉంది. కానీ వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకుడు కుమారిల భట్టు ఒప్పుకోడు. ఆయనది 'స్వతః' పక్షం: జ్ఞానం తనంతట తానే ప్రమాణం. దాహం తీరిందన్న జ్ఞానాన్ని దేనితో పరీక్షిస్తారు? దానికి ఇంకొకటి, దానికి మరొకటి... అంతుండదు. అందుకే ముందు నమ్ముతాం. దాన్ని కొట్టేసే జ్ఞానం ఎదురైనా, అది పుట్టిన చోట దోషం కనిపించినా వదిలేస్తాం. నైయాయికుల దగ్గరా జవాబుంది: అనుమానం వచ్చిన చోటే పరీక్ష, అన్నిటికీ కాదు.

రోజువారీ బతుకు మాత్రం కుమారిలుడు చెప్పినట్టే నడుస్తుందని నా అభిప్రాయం. రుజువు లేనిదే ఏదీ నమ్మనని బల్లగుద్దే పెద్దమనిషి కూడా కండక్టర్ కేకేసిన స్టాపులో మాట్లాడకుండా దిగిపోతాడు.

అసలు చిక్కు వేదం దగ్గరుంది. మాటలో దోషం చెప్పేవాడి నుంచే వస్తుంది, వేదానికి కర్తే లేడు, కాబట్టి దోషానికి చోటు లేదంటాడు కుమారిలుడు. ఒప్పుకోవడం మానడం మన ఇష్టం. అయితే వాట్సాప్ ఫార్వర్డ్ కూడా కర్త పేరు లేకుండానే తిరుగుతోంది. అబద్ధమాడిన మనిషి కనబడడు, పంపిన పెదనాన్న కనబడతాడు. పెదనాన్న మీద గౌరవం కాస్తా ఆ మెసేజ్‌కు దక్కుతుంది. వేదానికి కర్త లేడన్నారు. ఇక్కడ కర్త ఉన్నాడు, దాక్కున్నాడు. కుమారిలుడి లెక్కనే చూసినా ఇది పుట్టుకలో దోషమే. ఫ్యాక్ట్ చెక్ చేసేవాళ్లు నైయాయికుల పద్ధతిలో తేల్చేసరికి అది వంద గ్రూపులు దాటేసి ఉంటుంది.

పేరు దాచక తప్పనివాళ్లూ ఉంటారు కదా, ఆఫీసులో అవినీతి బయటపెట్టే ఉద్యోగి లాంటివాళ్లు? ఉంటారు. కానీ ఆ ఉద్యోగి ఎవరన్నది వార్త రాసిన విలేకరికి తెలుసు. వార్త తప్పని తేలితే కోర్టులో నిలబడాల్సింది ఆ విలేకరి, పత్రిక. ఫార్వర్డ్ తప్పని తేలితే ఎవరిని అడగాలి? పెదనాన్నను అడిగితే, 'నాకూ ఎవరో పంపారు నాయనా' అంటాడు.