ఒకే మాట రెండుసార్లు రాస్తే కొంపలంటుకోవు

బరంపురం నుంచి పర్లాకిమిడి, రాయగడ దాకా తెలుగు పిల్లలున్న పీజీ గ్రూపులన్నిట్లో ఒకే మెసేజ్ తిరుగుతోంది. ‘ఇంగ్లిష్ ప్రాజెక్టు రిపోర్టుకు ఆరు రహస్యాలు’ అట. పంపేవాళ్లలో పాఠాలు చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. ఒళ్లు మండేది అందుకే.

మొదటి రహస్యం: ఒక పేరాలో ఏ మాటా రెండోసారి రాకూడదు. సరే, పట్టు నేతగాళ్ల మీద ఒక సర్వే అనుకుందాం. మొదటి వాక్యంలో 60 ‘హౌస్‌హోల్డ్స్’ అని రాశారు. రహస్యం గుర్తొచ్చి, రెండో వాక్యంలో 42 ‘ఫ్యామిలీస్’కు సొంత గుంట మగ్గం ఉందన్నారు. మూడో వాక్యంలో 18 ‘హోమ్స్’ అద్దె మగ్గం మీద నేస్తున్నాయన్నారు. తెలుగులో ఇల్లు అనో కుటుంబం అనో అన్నిటికీ సరిపెట్టేస్తాం కాబట్టి రాసేవాళ్లకు తేడా తెలియదు. జనగణనలో హౌస్‌హోల్డ్ అంటే కలిసి ఉంటూ ఒకే వంటింట్లో తినేవాళ్లు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో వేరు పొయ్యిలు పెట్టుకుంటే హౌస్‌హోల్డ్స్ రెండు, ఇల్లు ఒకటి. ఫ్యామిలీ ఒకటా రెండా అన్నది వాళ్ల నాన్నని అడగాలి. ఇప్పుడు ఆ 42ని దేనితో భాగించాలి? రిపోర్టులో మాట మారితే వస్తువు మారిందని చదివేవాడు అనుకుంటాడు. ఈ సోకును ఇంగ్లిష్ వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ సోదరులు 1906లోనే ‘ఎలిగెంట్ వేరియేషన్’ (సొగసు కోసం మాట మార్చడం) అని వెక్కిరించారు. మన గ్రూపులకు ఆ కబురు ఇంకా చేరలేదు.

రెండోది: ‘టైప్-టోకెన్ రేషియో 0.7 దాటాలి.’ వేర్వేరు మాటల సంఖ్యను మొత్తం మాటలతో భాగిస్తే వచ్చేదే ఇది. 100 మాటల పేరాలో 70 వేర్వేరు మాటలుండటం వింతేం కాదు. 5,000 మాటల రిపోర్టులో 0.7 రావాలంటే 3,500 వేర్వేరు మాటలు కావాలి. దాన్ని రిపోర్టు అనరు, డిక్షనరీ అంటారు. ఇంగ్లిష్‌లో ‘ద’ ఒక్కటే వందకు ఐదారుసార్లు వస్తుంది కాబట్టి రాత పొడవు పెరిగేకొద్దీ ఈ నిష్పత్తి పడిపోతూనే ఉంటుంది. అసలు తమాషా ఏమిటంటే, ఆ ‘ద’ని ఎగ్గొట్టినవాడికి స్కోరు పెరుగుతుంది. ‘రిసీవ్’ ఒకచోట సరిగ్గా, ఇంకోచోట ‘ఇ’, ‘ఐ’ తారుమారుగా రాస్తే కంప్యూటర్‌కు అవి రెండు మాటలు. తప్పులు చేసి మార్కులు తెచ్చుకునే దారి ఇంతకంటే ఏముంటుంది! పొడవు వల్ల వచ్చే ఈ చిక్కు తగ్గించడానికి ఎంటీఎల్‌డీ అని ఇంకో కొలత ఉంది. మాట తర్వాత మాట లెక్కపెడుతూ పోతారు. నిష్పత్తి 0.72కు పడగానే ఒక ముక్క అయినట్టు లెక్కేసి మళ్లీ మొదలుపెడతారు. ముక్క సగటు పొడవే స్కోరు. చివరి నుంచి వెనక్కి కూడా అలాగే లెక్కించి రెండిటికీ సగటు తీస్తారు. ఆ 0.72ని ఎవరో సగం విని పాస్ మార్కు చేసేశారేమోనని నా అనుమానం.

మూడోది ‘షో’కు, అంటే ‘చూపుతోంది’ అనడానికి, 40 పర్యాయపదాల పట్టిక. అందులో ‘క్లెయిమ్’ అంటే ‘వాడు అంటున్నాడు, నాకు నమ్మకం లేదు’ అని. ‘అడ్మిట్’ అంటే తప్పు ఒప్పుకున్నాడని. ‘ప్రూవ్’ అంటే 60 ఇళ్లు తిరిగి ప్రపంచాన్ని తేల్చేశామని. నాలుగోది ‘యూజ్’ బదులు ‘యుటిలైజ్’. రాసుకోండి, ఎవరూ చచ్చిపోరు.

ఐదోదే విషం. ‘కాపీ చేసిన పేరాలో ప్రతి మూడో మాటా మార్చండి, సాఫ్ట్‌వేర్ పట్టదు.’ యూనివర్సిటీలను చూసే యూజీసీ, కాపీ మీద 2018లో పెట్టిన నిబంధనలు ఎవరైనా తెరిచి చూశారా? అందులో ఇంకొకరి పనినే కాదు, ఆలోచనను తనదిగా చూపినా దొంగతనమే. మాటలు మార్చితే ఆలోచన యజమాని మారడు. థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపుంటే శిక్షే లేదు. 40 దాకా అయితే 6 నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాకా అయితే ఏడాది ఆగాలి, అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. సాధారణ పదజాలాన్నీ, చట్టాలనీ, ప్రామాణిక సమీకరణాలనీ ఆ లెక్కలోంచి తీసేస్తారు. అంటే మీరు భయపడి మార్చే శాస్త్ర పదాల మీద అసలు లెక్కే లేదు! మార్చితే ఏమవుతుందో 2021లో కబనాక్, లాబే, మగజినోవ్ అనే ముగ్గురు పరిశోధకులు బయటపెట్టారు. అచ్చయిన పరిశోధన పత్రాల్లోనే ‘బ్రెస్ట్ క్యాన్సర్’ కాస్తా ‘బుజమ్ పెరిల్’ అయింది, అంటే రొమ్ము గండం. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ ఏమో ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’, దొంగనోటు స్పృహ అన్నమాట. వీటికి ‘టార్చర్డ్ ఫ్రేజెస్’, అంటే చిత్రహింస పడ్డ మాటలు, అని పేరు పెట్టారు. కాపీని దాచడానికి వేసిన మాటలే కాపీని పట్టించాయి. ‘లూమ్’కు మగ్గమనే కాక భయపెడుతూ ముందుకొచ్చి నిలబడటమనే అర్థం కూడా ఉంది. మన ‘పిట్ లూమ్’ని, అంటే గుంట మగ్గాన్ని, మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి ఏం పుడుతుందో మీరే చూడండి. వేరే దారి కష్టమేం కాదు. పేరా చదివి, పుస్తకం మూసి, విషయాన్ని రెండు ముక్కల్లో తెలుగులో రాసుకుని, చూడకుండా ఇంగ్లిష్‌లో రాసి, ఎవరిదో చెప్పాలి.

ఆరోది: ‘వెరీ, సో మెనీ, గుడ్ అన్నచోటల్లా ఎర్రగీత కొట్టండి.’ ఇది మాత్రం నిజం, ఒప్పుకోక తప్పదు. మన పిల్లల రాతలో రెండు వాక్యాలకోసారి ‘ఆల్సో’ వస్తుంది. విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాత భాగంలో పావు వంతు మార్కులు పదసంపదకే, అందులోనూ ఏ మాట పక్కన ఏది కుదురుతుందో చూస్తారు. ‘హెవీ రెయిన్’ అనాలి, ‘స్ట్రాంగ్ రెయిన్’ అంటే కుదరదు. పర్యాయపదాల పట్టిక ఈ సంగతి చెప్పదు, ఉదాహరణ వాక్యాలున్న నిఘంటువు చెబుతుంది.

కాబట్టి ముందు ఎనిమిదో పదో కీలక పదాలు ఒక కాగితం మీద రాసుకోండి, వాటిని చివరిదాకా ముట్టుకోవద్దు. మిగతా చోట్ల వాక్యం తిప్పండి. మొదటి వాక్యంలో ‘మైగ్రేట్’ అని క్రియ ఉంటే తర్వాతిదాన్ని ‘దిస్ మైగ్రేషన్’ అని మొదలుపెట్టండి. రూపం మారుతుంది, అర్థం కదలదు. ‘వెరీ లో వేజెస్’ అన్నచోట చీరకు ఎంత ఇస్తున్నారు, ఎన్ని రోజుల పని, పట్టు నూలు ఖర్చు ఎవరిది అన్నది రాయండి. ‘వెరీ’ దానంతటదే పోతుంది.